మా గూడు బండి మరమ్మతు

మా పుట్టింట్లో అందరికన్నా పెద్దది మా అమ్మ అని వీధంతా అనుకుంటారు. కాదు. మా అమ్మకన్నా పెద్దది మా గూడు బండి. అమ్మ కొత్తకోడలిగా దర్శికి వచ్చింది ఆ బండిలోనే. అంటే ఆవిడ ఈ ఇంటి గడప తొక్కేనాటికే అది ఇంటి మనిషై, వాకిట్లో పెద్దరికంగా కూర్చుని ఉందన్నమాట. అత్తగారి ఎదుట కోడలు కూర్చోని ఆ రోజుల్లో, మా అమ్మ ఏకంగా అత్తగారంత వయసున్న బండిలో దర్జాగా కూర్చుని వచ్చింది మరి!

గూడు బండి అంటే ఇప్పటి పిల్లలకి విడమరిచి చెప్పాలి. రెండు చక్రాల ఎడ్లబండి మీద వెదురు బద్దలు విల్లులా వంచి, వాటిమీద తడిక కప్పి, సొరంగంలాగా కట్టిన కప్పే గూడు. లోపల మోకాలెత్తు వరిగడ్డి పరిచి, దానిమీద బొంత, బొంతమీద దుప్పటి వేస్తే నలుగురు పెద్దవాళ్ళూ, లెక్కకి అందనంతమంది పిల్లలూ పట్టేవాళ్ళం. ఇరుసు కింద లాంతరు వేలాడేది. వెనక చిక్కంలో బిందె, పొయ్యి రాళ్ళు, కందెన బుడ్డి. ఇల్లు మొత్తం చక్రాలమీద కెక్కి కదిలి వెళ్ళినట్లుండేది.

ప్రతి శివరాత్రికీ ఆ బండిమీదే కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళేవాళ్ళం. దర్శి నుంచి రెండురోజుల దారి. అరిసెలూ, జంతికలూ డబ్బాలకెత్తి, ఉపవాసం ఉండేది పెద్దవాళ్ళే గనక ఆ డబ్బాలు మాకు అప్పగించి బయల్దేరేవాళ్ళు. రాత్రిపూట ఒకదాని వెనక ఒకటిగా బండ్లు. గూడులో పడుకుని చూస్తే వెనకబండి ఎడ్ల కళ్ళు లాంతరు వెలుగులో రెండు జతల దీపాల్లా కనిపించేవి. ఎడ్ల మెడల్లో మువ్వల చప్పుడు వింటూ నిద్రపోతే, తెల్లారేసరికి ఎవరిదో పొగాకు చేను పక్కన మా అమ్మ మూడు రాళ్ళ పొయ్యిమీద కాఫీ కాస్తూ ఉండేది. ఆ కాఫీ రుచి మళ్ళీ ఏ స్టార్ హోటల్లోనూ తగల్లేదు నాకు.

తర్వాత బస్సులొచ్చాయి, ట్రాక్టర్లొచ్చాయి, ఎడ్లు పోయాయి, నాన్న పోయాడు. బండి మాత్రం గొడ్ల చావిట్లో మిగిలింది. కిందటేడు చావిడి రేకులు చిల్లులు పడ్డాయని అన్నయ్య వాటిని పీకించాడు. అప్పట్నించీ ఆరుబయటే, ఉత్తరం వైపు మూతి పెట్టుకుని నిలబడింది. ఆ 'ఉత్తరం వైపు' అన్నమాట గుర్తుంచుకోండి. కథంతా అక్కడే ఉంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను వచ్చింది. మయన్మార్ వాళ్ళు పెట్టిన పేరట. మా వీధిలో ఒక్కరికీ నోరు తిరగలేదు. మా అమ్మ అయితే "ఆ మిచాంగో, మిరపకాయో ఎప్పుడు పోయిద్దే?" అని గంటకోసారి అడిగింది. అది మద్రాసు దగ్గర్నించి తీరాన్ని రాసుకుంటూ పైకొచ్చి, మధ్యాహ్నంపూట బాపట్ల దగ్గర గట్టెక్కింది. అక్కడ గాలి గంటకి తొంభై, వంద కిలోమీటర్లు. మాది లోపలి ఊరు గనక అంత లేదు గాని, ఉన్నది చాలు. తుఫాను మాకు తూర్పున ఉన్నంతసేపూ మామీదకొచ్చేది ఉత్తరపు గాలే. అది చేలమీద చేసిన పని రైతులకి తెలుసు. పొగాకు చేలల్లో నీళ్ళు నిలిచాయి. కాపుమీదున్న మిరప మొక్కలు పక్కకి ఒరిగాయి. పత్తి తడిసి ముద్దయింది. అంత నష్టంలో ఎడ్లు లేని ఓ బండి సంగతి ఎవరికి పట్టిందీ? మాకే పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూద్దును గదా, బండి వెనక్కి మొగ్గి, నొగలు ఆకాశానికి చూపిస్తూ ఉంది. గూడు చీలి, మూడొంతులు ఊడి, ఒక్క మూల మాత్రం పట్టుకుని వేలాడుతోంది, రైలుకి వేలాడే మనిషిలాగా. ఒక చక్రం కుడితి తొట్టికి కొట్టుకుని, పూటీ ఒకటి పగిలింది. రెండు ఆకులు బీటలిచ్చాయి. అమ్మ చెయ్యి పట్టుకుని అక్కడ నిలబెట్టాను. ఆవిడ ఏమీ అనలేదు. నాన్న పోయిన దగ్గర్నించీ ఆవిడకి మాటలు తగ్గాయి. వేలాడుతున్న ఆ మూలకేసి చాలాసేపు చూసి, "గూడు కట్టించు" అని లోపలికి వెళ్ళిపోయింది.

హైదరాబాదు నుంచి అన్నయ్య ఫోను. "ఇంకా దాన్నేం చేసుకుంటాం? హైవే మీద హోటలాయన అడుగుతున్నాడు. ముందు పెట్టుకుని లైట్లు చుట్టుకుంటాడట. పాతికవేలిస్తానన్నాడు. నువ్వు మరమ్మతని మొదలుపెడితే ఆ పాతికవేలు మనమే ఇవ్వాలి." అన్నయ్య మాటలో తప్పేమీ లేదు. వాడు లెక్క ప్రకారం మాట్లాడతాడు. నేనూ నెమ్మదిగా అమ్మ దగ్గర చేరి, "అది కాదమ్మా, అసలు ఎడ్లే లేవు గదా, బండెందుకూ?" అన్నాను.

అమ్మ చింతపండు పిక్కలు తీస్తూ తలెత్తకుండానే, "ఎడ్లు లేకపోతే? మీ నాన్న లేడని ఇల్లు కూలగొట్టామా?" అంది.

ఇక నేనేం మాట్లాడను? నవలల్లో నా పాత్రలచేత పేజీలకి పేజీలు మాట్లాడిస్తాను. మా అమ్మ ఒక్క వాక్యంతో అధ్యాయం ముగిస్తుంది.

ఆ వారంలోనే మా ఆడపడుచు టెక్సాస్ నుంచి ఫోన్ చేసింది. వాళ్ళకి కారు వెనక తగిలించుకునే చిన్న ట్రెయిలరు ఇల్లుంది. సెలవులొస్తే అడవుల్లోకీ, సరస్సులదగ్గరకీ లాక్కుపోతారు. మొన్నటి గాలికి దాని ముందు చాచే గుడ్డ పందిరి చిరిగి, దాని ఇనప చెయ్యి వంకరపోయి, అది కొట్టుకుని ట్రెయిలరు పక్క రేకు సొట్టపడిందట. "బాగుచెయ్యటానికి వాళ్ళు చెప్పిన డబ్బు వింటే కళ్ళు తిరిగాయి వదినా. ఇక్కడ అందరూ సొంతంగా బాగుచేసుకుంటారు. మీ తమ్ముడు నిచ్చెనెక్కాడు, నేను కింద పట్టుకున్నాను" అంది. "మాదీ అదే సంగతమ్మా, మా ట్రెయిలరు కూడా గాలికి పోయింది" అన్నాను. "మీకు ట్రెయిలరెక్కడిదీ?" అని ఆశ్చర్యపోయింది. చెప్పాను. ఖండాంతరాల మధ్య ఇద్దరం పదినిమిషాలు నవ్వుకున్నాం.

కాని నవ్వాల్సిందేముంది? నిజంగా రెండూ ఒకటే. విహారం కోసం చక్రాల ఇంట్లో తిరగటం అనేదాన్ని తామే కనిపెట్టామని ఇంగ్లీషువాళ్ళు మురిసిపోతారు. గోర్డన్ స్టేబుల్స్ అని ఒక డాక్టరు, నాలాగే కథలు రాసుకునే మనిషి, 1885లో రెండు గుర్రాలు లాగే ఇంటిబండి చేయించుకుని ఇంగ్లండు నుంచి స్కాట్లాండులోని ఇన్వర్నెస్ దాకా వెళ్ళాడు. దానిమీద పుస్తకమే రాశాడు. అంతకి యాభైఅయిదేళ్ళు ముందే మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసులో బయల్దేరి, డేరాలూ, సవారీ, సపరివారంతో కాశీ వెళ్ళి మరుసటేడు తిరిగొచ్చి, దారి పొడుగునా చూసినదంతా రాసిపెట్టారు. ఇక మా తాతలూ, ముత్తాతలూ ఏ పుస్తకమూ రాయకుండానే ఏటేటా కోటప్పకొండకి వెళ్ళొచ్చారు. రాసిపెట్టనివాళ్ళు కనిపెట్టనివాళ్ళయిపోతారు కాబోలు.

సరే, మరమ్మతుకి మనిషేడీ? గూడు కట్టేవాళ్ళకోసం దర్శి, పొదిలి, కురిచేడు మూడూ గాలించాను. "గూడా? ఏం గూడమ్మా? కోళ్ళ గూడా?" అని అడిగినవాళ్ళే అందరూ. చివరికి సంతలో చేటలమ్మే ముసలాయన దొరికాడు. మేదర పని. చేటలూ, కోళ్ళ గంపలూ, పెళ్ళిళ్ళకి తట్టలూ అల్లుకుంటాడు. ప్లాస్టిక్ వచ్చాక అవీ తగ్గాయి. "గూడు కట్టి ఇరవై ఏళ్ళయిందమ్మా, చెయ్యి గుర్తుపట్టిద్దో లేదో" అంటూనే వచ్చాడు. వచ్చి బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు, గుడి చుట్టూ తిరిగినట్లు.

"మూతి గాలికెదురుగా పెట్టినారు. వెనక చాప దించి కట్టేసినారు. గాలి లోపలికొచ్చి, పోయే దారి లేక, గూటిని ఎత్తింది. గాలికి తలుపు తీసి పెట్టాలమ్మా. మూస్తే కోపమొచ్చిద్ది దానికి" అన్నాడు.

మావారు ఇక్కడే కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. మేకు కొట్టమంటే వేలుమీద కొట్టుకుంటారు గాని, మేకు ఎందుకు దిగుతుందో గంటసేపు చెప్పగలరు. ఆయన తలూపి, "తాత చెప్పింది అక్షరాలా నిజం. గాలి వేగం రెట్టింపయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఆ తోపు లోపల చిక్కుకుంటే కప్పు లేచిపోతుంది. ఇళ్ళ రేకులు కూడా అలాగే ఎగిరేది" అన్నారు. మా నాన్న ఇదే సంగతి వేరేలా చెప్పేవాడు. కోటప్పకొండ ప్రభలు ఎంతెంత ఎత్తువో మీకు తెలుసు. తాటిచెట్లు వాటి ముందు పిల్లకాయలు. "అంత ప్రభ గాలికి ఎందుకు పడిపోదు నాన్నా?" అని అడిగాను ఒకసారి. "నిండా మూయరు గనక. సందుల్లోంచి గాలి పోయిద్ది. నాలుగు పక్కలా మోకులు పట్టుకునేవాళ్ళు ఉంటారు గనక" అన్నాడు.

వెదురు సంపాదించటం ఒక యజ్ఞం. నల్లమల వెదురు మార్కాపురం వైపు నుంచి తెప్పించాలన్నాడు తాత. వానలు వెనకపట్టాక, చలికాలంలో కొట్టిన వెదురే కావాలి. అప్పుడైతే దానిలో తియ్యదనం తక్కువ, పుచ్చు పట్టదు. తెచ్చిన వెదురుని తిన్నగా పనిలోకి తీసుకోకుండా పన్నెండు రోజులు నీళ్ళల్లో నానేశాడు. వెదురులో ఉండే పిండి పదార్థం నీళ్ళల్లోకి దిగిపోతే పురుగుకి తిండి ఉండదట. ముక్కిన బియ్యాన్ని ఎండలో పోసే మనకి ఈ కిటుకు తెలియకపోవటమేమిటా అనిపించింది. ఆ నీళ్ళ కంపు మాత్రం పన్నెండు రోజులూ మా వంటింటి దాకా వచ్చింది.

తర్వాత చీల్చటం. కత్తి మొన ఆనించి ఒక్కటి కొడితే బొంగు ఇంతపొడుగునా "ఠప్" మని రెండుగా విడిపోయేది. ఆ చెయ్యి మరిచిపోయిందని ఎవరన్నారు? సెగమీద బద్దని కాస్త కాస్త వెచ్చబెడుతూ, మోకాలికానించి వంచుతూ, తడిగుడ్డతో తుడుస్తూ, ఏడు విల్లులు చేశాడు. పైచర్మం ఎప్పుడూ వంపుకి బయటివైపే రావాలట. బలమంతా ఆ నున్నటి పచ్చపొరలోనే ఉంటుంది. లోపలి తెల్లటిది వట్టి మెత్తన. "మనుషులకి తిరగేసి ఉంటే బాగుండును తాతా" అన్నాను. "ఆడోళ్ళకి అట్టానే ఉంటదమ్మా, తిరగేసే" అన్నాడు, నవ్వకుండా.

పాత బద్దలు విప్పే రోజున జరిగింది అసలు సంగతి.

గూటికి ఒక్కో పక్క ఏడేసి కాళ్ళు. ఎడమపక్క ఏడింటిలో ఆరు తాళ్ళు తెంపుకుని ఊడిపోయాయి. ఏడోది, వెనకమూలది, అదే మొత్తం గూటిని ఎగిరిపోకుండా పట్టి ఉంచింది. తాత దాని దగ్గర కూర్చుని కట్టు విప్పబోతే రాలేదు. రంగు గడ్డకట్టి రాయిలా ఉంది. కత్తి మొనతో గీకాడు. పైన నీలం. దాని కింద ఆకుపచ్చ. దాని కింద ఎరుపు. మళ్ళీ నీలం. పొరమీద పొర. "ఈ బద్ద మిగతా వాటికన్నా చాలా పెద్దదమ్మా. గూడు మార్చినా దీన్ని మాత్రం మార్చలేదు ఎవరూ" అన్నాడు. ఇంకా గీకితే కింద తాడు లేదు. గుడ్డ. మెలిపెట్టి, మూడు చుట్లు చుట్టి, ముడిమీద ముడి వేసిన గుడ్డ. రంగు తగలని చోట లోపల పువ్వుల అద్దకం, లేత గులాబీ రంగులో, నిన్న కొన్నట్లుగా మెరిసింది. నైలెక్సు చీర. అది చివకదు గదా!

"కోసేస్తే గాని రాదమ్మా ఇది" అని తాత కత్తి పెట్టాడు.

"కొయ్యమాకు!"

అరుగుమీద నుంచి అమ్మ గొంతు. ఆ గొంతు అంత గట్టిగా విని రెండేళ్ళయింది. మోకాళ్ళ నొప్పులావిడ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు వచ్చిందో, వచ్చి ఆ ముడిమీద చెయ్యి వేసింది. "దీన్ని వదిలెయ్ అబ్బాయ్. కొత్త కాలు పక్కన పెట్టుకో" అంది. డెబ్భైఏళ్ళ తాత ఆ 'అబ్బాయ్' అన్నందుకే తబ్బిబ్బయి, "అట్టాగేనమ్మా" అన్నాడు. "ఏమిటమ్మా అది?" అని నేనడిగాను. "చీర పేలిక" అని లోపలికెళ్ళిపోయింది. అంతే. రహస్యాలు అమ్మదగ్గర నుంచి రాబట్టటం కన్నా ప్రభుత్వం దగ్గర్నించి రాబట్టటం సులువు.

కట్లకి ఇనప తీగ వాడదామని మావారు సలహా ఇచ్చారు. తాత ఒప్పుకోలేదు. గాలికి గూడు ఊగినప్పుడల్లా తీగ వెదురుని రంపంలా కోస్తుందట. తాడైతే కాస్త సాగి, మళ్ళీ సర్దుకుంటుంది. రెండు తడికలు అల్లి, మధ్యన తాటాకు పరిచాడు వాన దిగకుండా. లోపలి తడికకి అమ్మ దగ్గరుండి పేడ అలికించింది. పైన టార్పాలిన్. ముందూ వెనకా చాపలు మాత్రం చుట్టి పైకి కట్టేసేటట్లు పెట్టించాం, గాలికి తలుపన్నమాట.

చక్రం మరో పురాణం. తలుపులూ, కిటికీలూ చేసుకునే వడ్రంగి నా పోరు పడలేక ఒప్పుకున్నాడు. మా చక్రానికి పన్నెండు ఆకులు, ఆరు పూటీలు, పూటీకి రెండేసి ఆకులు. నల్లతుమ్మ చేవ కావాలన్నాడు. పగిలిన పూటీ, బీటలిచ్చిన రెండు ఆకులూ కొత్తవి చెక్కి, కుండలో బిగించాడు. ఇక పైన ఇనప పట్టా వెయ్యాలి. కమ్మరిని పిలిపించాం. పట్టాని నేలమీద పడుకోబెట్టి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పంటించారు. మావారు కాగితం తీసి లెక్క వేశారు. పట్టా చుట్టుకొలత పదిహేనడుగుల పైచిలుకు. అయిదువందల డిగ్రీలు వేడెక్కితే ఒక అంగుళం పైన సాగుతుందట. "ఆ అంగుళమే చక్రాన్ని బిగించి పట్టేది" అని వీధిపిల్లలకి పాఠం చెప్పారు. కమ్మరి ఆ పాఠం పూర్తయ్యేదాకా ఆగలేదు. ఎర్రగా కాలిన పట్టాని పట్టకార్లతో నలుగురెత్తి చక్రంమీద వేశారు. చెక్క భగ్గుమంది. "నీళ్ళు! నీళ్ళు!" అని కేక. బిందెలతో గుమ్మరించాం. బుస్సుమని ఆవిరి లేచి, అందులోంచి చక్రం "కిర్రు... కిర్రు..." మని మూలిగింది. ఒక్కొక్క కీలే దగ్గరకి లాక్కుని బిగుసుకున్న చప్పుడది. వీధిలో ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పెళ్ళిలో తాళి కట్టినప్పుడు కూడా అంత ఏకాగ్రతగా ఎవరూ చూడరు.

మొత్తం ఖర్చు చూసుకుంటే అన్నయ్య చెప్పిన పాతికవేలకి కొంచెం తక్కువయింది. అన్నయ్యకి చెబితే, "చూశావా, నే చెప్పలా?" అన్నాడు. మర్నాడు అందులో సగం పంపించాడు. వాడి లెక్క వాడిదే, వాడి మనసూ వాడిదే.

2024 మార్చి 8న శివరాత్రి. కోటప్పకొండ దాకా అయ్యే పని కాదు. అమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు. ఊళ్ళో శివాలయం దాకా అయినా బండిమీద తీసుకెళ్దామని, బండలాగుడు పందాలకి ఒంగోలు గిత్తల్ని మేపే ఆసామిని బతిమాలి ఒక జత తెప్పించాం. తెల్లగా కొండల్లా ఉన్నాయి. కాని వాటికి తెలిసింది పందెమే. కాడి మెడమీద పడగానే బండరాయి అనుకుని ఒక్క ఊపు ఊపాయి. బండి తేలిగ్గా ఉండేసరికి వాటికే ఆశ్చర్యమేసి ఆగిపోయి వెనక్కి చూశాయి! మావారు టార్పాలిన్ పట్టుకుని వేలాడారు. అమ్మ మాత్రం కదలకుండా కూర్చుని, "పెళ్ళినాడు కూడా ఇట్టానే లాగినాయి" అంది. రెండేళ్ళలో ఆవిడ నవ్వటం అదే మొదలు.

ఆ రాత్రి జాగారం బండిలోనే చేస్తానంది. వాకిట్లో నొగలకి తిరగలి రాళ్ళు ఆనించి, వరిగడ్డి పరిచి, ఇరుసుకి లాంతరు తగిలించాం. వీధిలో ముసలమ్మలు నలుగురు చేరారు. కోటప్పకొండ మీదకి కాకి వాలదన్న మాటా, గొల్లభామ ఆనందవల్లి కథా, ఏ ఏటి తిరునాళ్ళలో ఎవరి పిల్ల తప్పిపోయి దొరికిందో, అన్నీ అయ్యాయి. రెండో జాము దాటాక వాళ్ళు కునికిపాట్లు పడుతుంటే అమ్మ దానంతట అదే మొదలుపెట్టింది.

"నువ్వు కడుపులో ఆరో నెల. ఎండలు మండిపోయే మే నెల. ఆ తుఫాను నీకు తెలీదులే."

తెలియకేం? 1979 మే 12. ప్రకాశం, నెల్లూరు జిల్లాల తీరంమీద విరుచుకుపడిన తుఫాను. అంతకి ఏడాదిన్నర ముందు, 1977 నవంబరులో, దివిసీమ ఉప్పెన. ఆ భయం ఇంకా జనాన్ని వదల్లేదు. నేను చదివింది అంతవరకే.

"అప్పుడు మనది పూరిల్లు. సాయంత్రానికే కప్పు లేచిపోయింది. మీ తాత బండిని రాతిగోడ చాటుకి లాగి, చక్రాలకి రాళ్ళేసి, నొగలు గుంజకి కట్టి, మమ్మల్ని లోపల కూర్చోబెట్టాడు. నేనూ, మీ నాయనమ్మ, మూడేళ్ళ మీ అన్న. మీ నాన్న, తాత బయట చెరో పక్కా మోకు పట్టుకుని నిలబడ్డారు. అర్ధరాత్రి ఆ మూల తాడు తెగింది. గూడు ఇట్టా ఇట్టా లేస్తంది. లేస్తే మనం పోయినట్టే. చేతికేం దొరకలా. చీర చించి కట్టా. అది మీ నాన్న ఒంగోలులో కొనుక్కొచ్చిన కొత్త నైలెక్సు. ఒక్కసారే కట్టా."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా?"

"నువ్వడగలా." కాసేపు ఆగి అంది. "తెల్లారాక మీ నాయనమ్మ కోప్పడింది, బంగారంలాంటి చీర తగలేశావని. మీ నాన్న ఏం మాట్లాడలా. ఆయనెప్పుడు మాట్లాడినాడు గనక! తర్వాత గూడు మార్చినప్పుడల్లా ఆ బద్ద మార్చనీలా. ఏటా శివరాత్రికి ముందు బండికి రంగేసేవాడు గదా, కూలివాళ్ళు మొత్తం వేసినా ఆ ముడికి మాత్రం ఆయనే వేసేవాడు. నేను అరుగుమీద కూర్చుని చూస్తన్నానని తెలుసు ఆయనకి. తలెత్తేవాడు కాదు."

నేను అరవై పుటల ప్రేమకథలు రాశాను. అందులో హీరోలు ఉత్తరాలు రాస్తారు, పాటలు పాడతారు, వానలో తడుస్తారు. ఒక్కడు కూడా ముడికి రంగు వెయ్యలేదు. లాంతరు వత్తి తగ్గించి ఆ మూలకేసి చూశాను. తాత గీకిన చోట నాలుగు రంగులూ కనిపిస్తున్నాయి. నాన్న లేని ఏళ్ళకి రంగు లేదు.

మర్నాడు చిన్న డబ్బాడు నీలం రంగు కొనుక్కొచ్చాను. అమ్మ చేతికి కుంచె ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, చెయ్యి వణుకుతున్నా, ముడి ఒక్కదానికే రంగు వేసింది. మిగతా బండికి మేం వేశాం.

మొన్న 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చింది. రాత్రికి నర్సాపురం దగ్గర తీరం దాటింది గాని, మా ప్రకాశం జిల్లాని వానలతో ముంచెత్తింది. మళ్ళీ ఉత్తరపు గాలే. ముందురోజే భయమేసి అమ్మకి ఫోన్ చేశాను. రెండు వీధుల అవతల ఉన్నానన్న పేరే గాని, ఆ వానలో గడప దాటే పరిస్థితి లేదు.

"అమ్మా, బండీ..."

"మూతి తిప్పించా. రెండు పక్కలా చాపలెత్తించా. నాలుగు మోకులూ కట్టించా. చక్రాలకి రాళ్ళేయించా. నీ పని చూసుకో. మీ ఇంట్లో కిటికీలేసుకున్నావా?"

"వేశానమ్మా. మరి ముడి?"

అవతల ఒక్క క్షణం చప్పుడు లేదు. వాన మాత్రం వినిపించింది.

"అదెందుకు ఊడిద్దే, పిచ్చిదానా?" అంది అమ్మ.